బొమ్మ ఎవరిదో తేలకముందే: చర్చిలో ఆదివాసీ చిహ్నాలపై కతోలికుల వివాదం

సంక్షిప్తంగా: ఆదివాసీల మత చిహ్నాలను చర్చిలో ఉంచవచ్చా అన్న ప్రశ్నపై కతోలిక శ్రీసభలో, అంటే కతోలిక చర్చి వ్యవస్థలో, అభిప్రాయాలు చీలి ఉన్నాయి. 2019లో రోమ్‌లో ‘పచమామ’ అని పేరుపడిన ఆదివాసీ స్త్రీ ప్రతిమలను నదిలో పడేయడంతో ఈ విభేదం ప్రపంచం దృష్టికి వచ్చింది. 2024లో అమెరికాలో అపాచీ అనే ఆదివాసీ తెగవారి చర్చి ఒకదానిలో మరో రూపంలో మళ్లీ తలెత్తింది. విగ్రహారాధన తప్పన్న విషయంలో రెండు పక్షాలకూ భేదం లేదు. ఒక చిహ్నానికి అర్థం చెప్పే అధికారం ఎవరిది, ఆ అర్థాన్ని ఎప్పుడు చెప్పాలి అన్న దగ్గరే తగువు ఉంది.

వంతెన మీద జరిగింది

2019 అక్టోబరు 21 తెల్లవారుజామున ఇద్దరు వ్యక్తులు వాటికన్‌కు కూతవేటు దూరంలో ఉన్న సాంతా మరియా ఇన్ త్రాస్పొంతీనా చర్చిలోకి వెళ్లారు. అక్కడ ప్రదర్శనకు ఉంచిన కొన్ని కొయ్య బొమ్మలను తీసుకుని సాంత్ ఆంజెలో వంతెన మీదికి వెళ్లి, టైబర్ నదిలోకి నెట్టేశారు. ఆ దృశ్యాన్ని వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఆ బొమ్మలన్నీ ఒకే పోలికవి: ఒంటి మీద బట్టలేని, నిండు గర్భిణి అయిన ఆదివాసీ స్త్రీ మోకాళ్ల మీద కూర్చుని ఉంటుంది.

ఆ రోజుల్లో రోమ్‌లో అమెజాన్ ప్రాంతంపై మేత్రాణుల (బిషప్పుల) సినడ్, అంటే చర్చా సభ, జరుగుతోంది. అక్టోబరు 6 నుంచి 27 వరకు సాగిన ఆ సమావేశాలకు అడవుల నుంచి వచ్చిన ఆదివాసీ ప్రతినిధులు తమ పడవను, తెడ్లను, వలలను, ఈ బొమ్మలను వెంట తెచ్చుకున్నారు. సినడ్‌కు రెండు రోజుల ముందు, అస్సీసి పునీత ఫ్రాన్సిస్ పండుగ నాడు, వాటికన్ తోటలో మొక్క నాటే కార్యక్రమం జరిగింది. పోప్ ఫ్రాన్సిస్ సమక్షంలో కొందరు ఆ బొమ్మల చుట్టూ వలయంగా మోకరించి నేలకు తల ఆనించారు. సిద్ధం చేసుకున్న ప్రసంగాన్ని పోప్ పక్కన పెట్టి, పరలోక జపం మాత్రం చెప్పి ముగించారు. తర్వాత వచ్చిన వివాదం మొత్తం ఆ కొద్ది నిమిషాల దృశ్యం చుట్టూ అల్లుకున్నదే.

నదిలో పడిన బొమ్మలను ఇటలీ పోలీసులు వెలికి తీశారు. అక్టోబరు 25న పోప్ ఫ్రాన్సిస్ సినడ్ సభ్యుల ముందు మాట్లాడుతూ, రోమ్ నగర మేత్రాణిగా, ఈ చర్య వల్ల నొచ్చుకున్నవారిని క్షమాపణ కోరారు. ఆ ప్రతిమలను విగ్రహారాధన ఉద్దేశంతో అక్కడ ఉంచలేదని కూడా చెప్పారు. ఆ మాటల్లోనే ఆయన వాటిని ‘పచమామ’ అని పిలిచారు. ఈ పని చేసింది తానేనని నవంబరులో ఆస్ట్రియాకు చెందిన ఒక యువకుడు బహిరంగంగా ప్రకటించాడు. ఒక్క దేవుణ్ణే ఆరాధించాలన్న బైబిల్ మొదటి ఆజ్ఞను కాపాడేందుకే చేశానన్నాడు. కొందరు అతన్ని వీరుడన్నారు. మరికొందరు ఆదివాసీలను అవమానించిన దొంగ అన్నారు.

ఒక బొమ్మకు మూడు పేర్లు

మూడు వారాల్లో ఆ ప్రతిమకు కనీసం మూడు అర్థాలు వచ్చాయి. వాటికన్ తోటలో దాన్ని అందజేసిన మహిళ ‘అమెజాన్ మాత’ అన్నట్టు వినిపించింది. అంటే మరియ మాత అన్నమాట. సినడ్ సమాచార ప్రతినిధులు మాత్రం అది మరియ మాత కాదని, దేవత కూడా కాదని, జీవాన్ని మోస్తున్న ఒక ఆదివాసీ స్త్రీ అని, జీవానికీ సంతాన సాఫల్యానికీ భూమికీ గుర్తు అని వివరించారు. పత్రికలు పచమామ అన్నాయి. చివరికి పోప్ నోట కూడా అదే మాట వచ్చింది.

పచమామ అన్నది ఆండీస్ పర్వత ప్రాంతపు పేరు. కెచువా, ఐమారా భాషలు మాట్లాడే ప్రజలకు ఆమె భూమాత. పెరూ, బొలీవియా, అర్జెంటీనా ఉత్తర ప్రాంతాల్లో ఆగస్టు నెలలో ఆమెకు నైవేద్యాలు అర్పిస్తారు, నేల మీద పానీయం ఒలకబోస్తారు. అమెజాన్ అడవుల్లోని వందలాది తెగల సంప్రదాయాలు వేరు, భాషలు వేరు. అమెజాన్ సినడ్‌కు తెచ్చిన బొమ్మకు ఆండీస్ దేవత పేరు అంటుకోవడంలోనే గందరగోళం ఎంత లోతైనదో తెలుస్తుంది. దీని ప్రభావం చిన్నది కాదు. ‘జీవానికి గుర్తు’ అన్నప్పుడు అది అలంకారం. ‘పచమామ’ అన్నప్పుడు అది నేటికీ పూజలందుకుంటున్న ఒక దేవత పేరు. ఆ రెండింటి మధ్య తేడాయే కతోలిక సిద్ధాంతంలో అనుమతికీ నిషేధానికీ మధ్య గీత.

కతోలికుల సొంత కొలబద్ద

ప్రతిమలతో నిండిన చర్చిలున్న కతోలికులు ఒక ప్రతిమను చూసి ఎందుకు కలత చెందారు అని బయటివారికి అనిపించడం సహజం. దీనికి జవాబు 787 నాటి రెండో నైసియా మహాసభ దగ్గర ఉంది. ఆరాధన దేవునికి మాత్రమే చెందుతుందని, పటాలకూ ప్రతిమలకూ చేసే గౌరవం వేరని ఆ సభ తేల్చింది. ప్రతిమకు చూపిన గౌరవం ఆ ప్రతిమ ఎవరిదో వారికి చేరుతుందన్నది దాని సూత్రం. 1563లో ట్రెంట్ మహాసభ ఇదే మాటను ప్రొటెస్టెంట్ల విమర్శకు జవాబుగా మళ్లీ ధ్రువపరచింది.

ఈ సూత్రం ప్రకారం ఏ ప్రతిమ ముందైనా అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఇది ఎవరిది?’ అన్నదే. మరియ మాతదైతే మోకరించవచ్చు. దేవతదైతే కూడదు. ఎవరిదీ కాదు, జీవానికి గుర్తు మాత్రమే అంటే? అప్పుడది పటం కోవలోకి రాదు, సంకేతం అవుతుంది. తొలి క్రైస్తవుల సమాధుల మీద కనిపించే చేప, లంగరు, పావురం లాంటిది. సంకేతాన్ని గోడ మీద గీయవచ్చు, దాని ముందు ఎవరూ సాగిలపడరు. వాటికన్ తోటలో జరిగిన పొరపాటు ఇక్కడే దొరుకుతుంది: వివరణ చెప్పినవారు దాన్ని సంకేతం అన్నారు, అక్కడి శరీర భంగిమలు మాత్రం పటం ముందు చేసేవిగా కనిపించాయి. మాట ఒకవైపు, మోకాలు మరోవైపు ఉన్నప్పుడు చూసేవారు మోకాలినే నమ్ముతారు.

శ్రీసభ న్యాయశాస్త్రం కూడా ఈ చిక్కును ఊహించింది. 1983 నాటి న్యాయ స్మృతిలో 1188వ నిబంధన చర్చిల్లో పవిత్ర ప్రతిమలు ఉంచే ఆచారం కొనసాగాలంటూనే, అవి మితంగా, తగిన క్రమంలో ఉండాలని, విశ్వాసులు కలవరపడేలా ఉండకూడదని చెబుతుంది. 1210వ నిబంధన పవిత్ర స్థలంలో ఆరాధనకూ భక్తికీ తోడ్పడేవాటినే అనుమతిస్తుంది. ఇతర వినియోగాలకు, స్థల పవిత్రతకు విరుద్ధం కానంత వరకు, సందర్భాన్ని బట్టి అనుమతించే అధికారం స్థానిక అధికారికి ఇస్తుంది. ఇందులో గమనించవలసింది ‘కలవరం’ అన్న మాట. ప్రతిమ తనంతట తాను తప్పా ఒప్పా అన్నది ఒక్కటే చాలదు, చూసేవారికి ఎలా అర్థమవుతుందో కూడా లెక్కలోకి వస్తుంది.

రెండు వాదనలు, ఒకే లేఖ

విమర్శకుల్లో బాగా వినిపించిన గొంతు కార్డినల్ గెర్హార్డ్ ముల్లర్‌ది. ఆయన గతంలో శ్రీసభ విశ్వాస సిద్ధాంత విభాగానికి అధిపతి. బొమ్మలను బయట పడేయడం కంటే వాటిని చర్చిలోకి తేవడమే పెద్ద తప్పు అన్నది ఆయన అభిప్రాయం. కజకిస్తాన్‌లోని మేత్రాణి అథనాసియస్ ష్నైడర్ బహిరంగ లేఖతో ఖండించారు. యూరప్ సంప్రదాయవాదులే అభ్యంతరం చెప్పారనుకుంటే అది సరికాదు. అమెజాన్ ముఖద్వారంలోని మరజో ప్రాంతానికి దీర్ఘకాలం మేత్రాణిగా పనిచేసిన జోసె లూయిస్ అస్కోనా కూడా తీవ్రంగా వ్యతిరేకించారు. బ్రెజిల్‌లో పెంతెకొస్తు సంఘాలు కతోలికులను విగ్రహారాధకులని నిత్యం విమర్శిస్తున్న చోట, రోమ్ నుంచి వచ్చిన ఆ దృశ్యాలు సామాన్య విశ్వాసికి ఎంత భారమో అక్కడ ఉన్నవారికే తెలుస్తుంది.

సమర్థకుల వాదన కూడా తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. ఆదివాసీ గుర్తు కనిపించగానే విగ్రహం అనే అలవాటు వెనుక వలస పాలన చరిత్ర ఉంది. 1562లో మెక్సికోలోని యుకతాన్ ప్రాంతంలో, మాని పట్టణంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసి దియెగో దె లాందా మాయా ప్రజల గ్రంథాలనూ ప్రతిమలనూ తగలబెట్టించాడు. పదిహేడో శతాబ్దంలో లిమా అగ్రపీఠం పరిధిలోని ఆండీస్ గ్రామాల్లో ‘విగ్రహారాధన నిర్మూలన’ పేరుతో తనిఖీలు సాగాయి. పూర్వీకుల భౌతిక దేహాలను కూడా వెతికి తీసి కాల్చారు. ఆ జ్ఞాపకం ఉన్న సమాజానికి టైబర్ నదిలో తేలిన బొమ్మ కొత్త సంఘటనలా కనిపించదు.

రెండు పక్షాలూ ఆధారంగా చూపగల బైబిల్ భాగం ఒక్కటే కావడం ఆలోచించదగ్గ విషయం. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ ఎనిమిదో అధ్యాయంలో విగ్రహం అనేది వట్టిదేనని, దానికి అర్పించిన ఆహారం తిన్నంత మాత్రాన నష్టం లేదని చెబుతాడు. అదే అధ్యాయంలో, బలహీనమైన మనస్సాక్షి ఉన్నవారికి అడ్డంకి కలిగిస్తే అది పాపమనీ అంటాడు. పదో అధ్యాయంలో అన్యుల బలులు దయ్యాలకు చేరతాయని హెచ్చరిస్తాడు. మొదటి మాట సమర్థకులకు అండ, మూడోది విమర్శకులకు. రెండోదాన్ని 2019లో దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ప్రదర్శనకు ముందే వివరణ వచ్చేది.

గొడవ ఇంత పెద్దది కావడానికి మరో కారణం ఉంది. బొమ్మలు రాకముందే సినడ్ మీద యుద్ధం మొదలైంది. సన్నాహక పత్రంలో సిద్ధాంత దోషాలున్నాయని కార్డినల్ వాల్టర్ బ్రాండ్‌ముల్లర్ 2019 జూన్‌లోనే రాశారు. వివాహితులను గురువులుగా (చర్చి పూజారులుగా) అభిషేకించే ప్రతిపాదన చుట్టూ ఉద్రిక్తత ఉంది. సినడ్ ఓటింగులో ఆ అంశానికి 128 మంది అనుకూలంగా, 41 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఇలాంటి చర్చలు చదివేవారు కొద్దిమంది. కొయ్య బొమ్మ మాత్రం అందరికీ కనిపిస్తుంది. మాటల్లో ఉన్న తగువుకు అది రూపం ఇచ్చింది.

రోమ్ ఒకే ఆచారానికి ఇచ్చిన రెండు తీర్పులు

ఈ ప్రశ్నకు శ్రీసభ చరిత్రలో స్థిరమైన జవాబు లేదు. 601లో పోప్ గ్రెగరీ ఇంగ్లండ్‌లోని కెంట్ రాజ్యపు రాజు ఎథెల్‌బెర్ట్‌కు రాసిన లేఖలో అన్యుల గుడులను కూల్చమన్నారు. అదే ఏడాది మెల్లిటస్ అనే మఠాధిపతికి రాస్తూ, గుడులను కూల్చవద్దు, లోపలి విగ్రహాలను తొలగించి పవిత్ర జలం చల్లి చర్చిలుగా వాడుకోండి అని మార్చారు. అలవాటైన చోటికే జనం వస్తారన్నది ఆయన ఆలోచన. అయితే ఈ లేఖను నేటి సమర్థకులు ఉదహరించేటప్పుడు ఒక సంగతి మరుగున పడుతుంది: గోడలు ఉండవచ్చన్నారే కానీ విగ్రహాలు ఉండవచ్చనలేదు.

మెక్సికోలోని గ్వాదలూపే కథ ఇంకా జటిలం. 1531లో మరియ మాత దర్శనమిచ్చిందని విశ్వసించే తెపెయాక్ కొండ మీద అంతకుముందు ‘తోనాన్త్సిన్’ అనే తల్లి దేవత ఆరాధన ఉండేది. ఆదివాసీల భాషనూ ఆచారాలనూ ఎంతో శ్రద్ధగా నమోదు చేసిన బెర్నార్దీనో దె సహగున్ అనే సన్యాసి, జనం మరియమ్మను కూడా తోనాన్త్సిన్ అనే పిలుస్తున్నారని, పాత పూజే కొత్త ముసుగులో సాగుతోందేమోనని ఆందోళన రాశాడు. ఆయన అనుమానం నేటి విమర్శకుల అనుమానంతో అక్షరం పొల్లు పోకుండా సరిపోతుంది. అయినా కాలం గ్వాదలూపేను మరియ భక్తికి అమెరికా ఖండాల కేంద్రంగా నిలబెట్టింది. ఆ దర్శనం పొందిన ఆదివాసీగా భావించే హువాన్ దియెగోను 2002లో పునీతుడిగా ప్రకటించారు.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది చైనా ఆచారాల వివాదం. చైనాలో పనిచేసిన మత ప్రచారకుడు మత్తెయో రిచ్చి మార్గంలో నడిచిన జెస్యూట్ సభ గురువులు, పూర్వీకులకూ కన్ఫ్యూషియస్‌కూ చైనీయులు చేసే వందనాలు కుటుంబ మర్యాదలే తప్ప మతారాధన కావన్నారు. మరో సన్యాసి సభకు చెందిన డొమినికన్లు ఒప్పుకోలేదు. వాళ్ల ఫిర్యాదు మీద రోమ్ 1645లో ఆ ఆచారాలను నిషేధించింది. జెస్యూట్లు తమ వర్ణన వినిపించాక 1656లో అనుమతించింది. ఏది చెల్లుతుందని అడిగితే 1669లో రెండూ చెల్లుతాయంది: ఏ పరిస్థితిని వర్ణించి అడిగారో ఆ పరిస్థితికి ఆ తీర్పు. తర్వాత 1704, 1715, 1742లో నిషేధం గట్టిపడింది. తన దేశపు ఆచారాల అర్థం తనకు తెలియదంటారా అని చక్రవర్తి కాంగ్షీ ఆగ్రహించాడు. 1721లో మత ప్రచారాన్ని నిషేధించాడు. చివరికి 1939 డిసెంబరులో, పోప్ పన్నెండో పయస్ కాలంలో, ఆ ఆచారాలు పౌర మర్యాదలేనని రోమ్ అంగీకరించింది. ఒక నమస్కారానికి అర్థం తేలడానికి దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. ఈలోగా ఎన్ని తరాల చైనా విశ్వాసులు తమ తాతముత్తాతలకు దండం పెట్టాలా, చర్చికి వెళ్లాలా అన్న నరకయాతన పడ్డారో లెక్క లేదు.

బతికున్న మతం, గతించిన మతం

సమర్థకులు తరచూ చెప్పే మాట ఒకటుంది: రోమ్ నగరమే అన్య చిహ్నాలతో నిండి ఉంది కదా? నిజమే. సకల దేవతల ఆలయమైన పాంథియన్ 609 నుంచి చర్చి. పునీత పేతురు బసిలికా ముందున్న ఈజిప్టు రాతి స్తంభాన్ని 1586లో అక్కడికి తరలించి, పైన సిలువ నిలిపారు. వీటిని చూసి ఎవరూ కలవరపడరు.

కానీ ఈ పోలికలో ఒక లోటు ఉంది. జూపిటర్‌కు నేడు పూజారి లేడు, నైవేద్యం లేదు. అర్థం చెప్పేవారు లేని చిహ్నానికి కొత్త అర్థం ఇవ్వడం సులువు. పచమామకు ఆగస్టు వస్తే ఇప్పటికీ నైవేద్యం అందుతుంది. ఆమెకు దండం పెట్టే చేతులే చాలా ఇళ్లలో జపమాల కూడా తిప్పుతాయి. బొలీవియాలోని వెండి గనుల పట్టణం పొటోసిలో భద్రపరచిన పద్దెనిమిదో శతాబ్దపు చిత్రంలో వెండి కొండే మరియమ్మ శరీరం. ఆ కొండ నుంచి ఆమె ముఖమూ చేతులూ వెలువడతాయి. పచమామా మరియమ్మా అక్కడ ఒకరిలో ఒకరు కలిసిపోయారని చాలామంది కళా చరిత్రకారులు చదువుతారు. గీసినవారికి అది గందరగోళం కాదు, తమ లోకం. బతికున్న మతం నుంచి చిహ్నం తీసుకుంటే దాని అర్థం మీద ఆ మతస్థులకూ హక్కు ఉంటుంది. చర్చి ‘ఇది మాకు జీవానికి గుర్తు మాత్రమే’ అంటే, పచమామను ఆరాధించేవారు తమ దేవతను అలంకారం స్థాయికి దించారని బాధపడవచ్చు. ఈ కోణం కతోలికుల వాదోపవాదాల్లో దాదాపుగా వినబడలేదు. వినబడి ఉండవలసింది.

మెస్కలేరోలో తల్లకిందులైన కథ

2024 జూన్ చివర్లో న్యూమెక్సికోలోని మెస్కలేరో అపాచీ ప్రాంతంలో, సెయింట్ జోసెఫ్ చర్చి బలిపీఠం వెనుక ఉన్న పెద్ద చిత్రం మాయమైంది. 1989లో ఒక ఫ్రాన్సిస్కన్ చిత్రకారుడు గీసిన ఆ చిత్రంలో క్రీస్తు అపాచీ పవిత్ర పురుషుడి వేషంలో, కొండ మీద నిలబడి ఉంటాడు. దాన్ని తీయించింది ఆ చర్చి విచారణ గురువే (పాస్టరే). విశ్వాసులకు ముందుగా చెప్పలేదు. మూడున్నర దశాబ్దాలుగా ఆ చిత్రం ముందు ప్రార్థించినవారికి అది తమనే చర్చిలోంచి తీసేసినట్టనిపించింది. నిరసన వెల్లువెత్తడంతో కొద్ది రోజుల్లోనే మేత్రాసనం (బిషప్ పరిధిలోని చర్చి పాలన) చిత్రాన్ని తిరిగి ఇప్పించింది.

రోమ్ కొలబద్దతో చూస్తే ఈ చిత్రానికి అసలు చిక్కే ఉండకూడదు. ఎవరిదని అడిగితే క్రీస్తుదని జవాబు తిన్నగా వస్తుంది. వేషం మాత్రమే అపాచీలది. ఇటలీ చిత్రకారులు క్రీస్తుకు ఇటలీ ముఖం, డచ్చివారు డచ్చి ముఖం ఇచ్చారు. అయినా తొలగింపు జరిగిందంటే, టైబర్ ఘటన తర్వాత ఆదివాసీ రూపం ఏదైనా అనుమానంగా చూసే ధోరణి బలపడిందా అన్న ప్రశ్న వస్తుంది. రూపాన్ని తీసుకోవడం, సంకేతాన్ని తీసుకోవడం, దేవతామూర్తిని తీసుకోవడం మూడు వేర్వేరు పనులు. మూడింటినీ ఒకే మాటతో ఖండించినా, ఒకే మాటతో సమర్థించినా అన్యాయం జరిగేది విశ్వాసులకే.

గొడవ రాని చోట ఏం జరిగింది

కాంగో అనుభవం దీనికి మంచి పోలిక. 1988లో రోమ్ ఆమోదించిన జైర్ (కాంగో పాత పేరు) దైవార్చన క్రమంలో పూజ మొదట్లో పునీతులతో పాటు ధర్మబద్ధంగా జీవించిన పూర్వీకులను కూడా స్మరిస్తారు. పూర్వీకుల ఆరాధన ఆఫ్రికాలో బతికున్న సంప్రదాయమే. అయినా పచమామ స్థాయి గొడవ రాలేదు. ఎందుకంటే ఆ పని ఏళ్ల తరబడి పుస్తక రూపంలో సాగింది. ఏ పూర్వీకులను, ఏ మాటలతో, పూజలో ఏ చోట స్మరించాలో రాసి ఉంది. రెండో వాటికన్ మహాసభ దైవార్చన పత్రం కూడా ఇదే దారి చూపింది: మూఢ నమ్మకంతో విడదీయరానంతగా ముడిపడనిదాన్ని సానుభూతితో పరిశీలించి, వీలైతే స్వీకరించాలి. టైబర్ ఘటన జరిగిన ఐదారు వారాలకే, 2019 డిసెంబరు 1న, పోప్ ఫ్రాన్సిస్ పునీత పేతురు బసిలికాలో కాంగో విశ్వాసులతో అదే క్రమంలో బలిపూజ చేశారు. డప్పులు మోగాయి, నాట్యం సాగింది. ఎవరూ ఏదీ నదిలో పడేయలేదు.

2020 ఫిబ్రవరిలో వెలువడిన అమెజాన్ ప్రబోధ పత్రంలో పోప్ ఫ్రాన్సిస్ ఈ వివాదానికి జవాబు ఇచ్చారు. ఆదివాసీ సంకేతాన్ని ఏదో ఒక రీతిలో స్వీకరించడం ప్రతిసారీ విగ్రహారాధన కానక్కరలేదని, ప్రజల జీవితం నుంచి సహజంగా పుట్టిన ఆచారాలను తొందరపడి మూఢనమ్మకం అనవద్దని అందులో రాశారు. మాట బాగుంది. కానీ అదే మాట ఆరు నెలల ముందు, మొక్క నాటే కార్యక్రమానికి ముందు, వివరంగా వచ్చి ఉంటే కథ వేరుగా నడిచేది.

ఇకపై ఏమవుతుంది

2024 నవంబరులో మెక్సికోలోని సాన్ క్రిస్టోబల్ మేత్రాసనంలో మాయా సంతతి విశ్వాసుల కోసం దైవార్చన సవరణలను వాటికన్ ఆమోదించింది. ప్రార్థనలో భాగంగా చేసే నాట్యం, సాంబ్రాణి పాత్ర పట్టే మహిళలు, కొన్ని ప్రార్థనలను నడిపించే విశ్వాసులు అందులో ఉన్నారు. దేవతామూర్తుల జోలికి అది పోలేదు. కాంగో దారినే ఎంచుకున్నట్టు కనిపిస్తోంది: ముందు పాఠం, తర్వాత ఆచరణ.

అమెజాన్‌కు ప్రత్యేక దైవార్చన క్రమం ఉండాలన్నది 2019 సినడ్ తుది పత్రంలోని ప్రతిపాదన. 2020లో ఏర్పడిన అమెజాన్ శ్రీసభ సమాఖ్య పరిధిలో ఆ పని సాగుతోంది. 2025 మేలో ఎన్నికైన పోప్ పద్నాలుగో లియో పెరూలో ఏళ్ల తరబడి సేవ చేసి, చిక్లాయో మేత్రాణిగా పనిచేసినవారు. పచమామ ఆయనకు పత్రికల్లో చదివి తెలుసుకోవలసిన పేరు కాదు. ఆ క్రమం పుస్తకంగా రోమ్‌కు చేరినప్పుడు బలిపీఠం పక్కన ఏది ఉండవచ్చు, దాన్ని ఏ పేరుతో పిలవాలి, దాని ముందు నిలబడాలా మోకరించాలా అన్నది అక్షరాల్లో రాయక తప్పదు. త్రాస్పొంతీనా చర్చిలో ఆ బొమ్మల పక్కన అలాంటి ఒక్క వాక్యం లేకపోయింది.